వెనకగదికి మేత

గుడివాడలో తనూజ కొన్న ఇల్లు భార్గవిది. ఇద్దరూ ఒకే హైస్కూల్లో పదకొండేళ్ళు పాఠాలు చెప్పారు. ఒకరి టిఫిన్ బాక్సు ఇంకొకరు అడక్కుండా విప్పుకునేంత చనువు. అందుకే ఇల్లు చూపించేటప్పుడు భార్గవి "కళ్ళు మూసుకుని దిగిపో తనూ" అంటే, తనూజ నిజంగానే కళ్ళు మూసుకుని దిగిపోయింది, డెబ్బై దాటిన తల్లి రమణమ్మను వెంటపెట్టుకుని. భార్గవి బందరులో ఫ్లాట్ తీసుకుని వెళ్ళిపోయింది. వెళ్తూ వెనకగదిలో పాత చెక్క బీరువా ఒకటి వదిలేసింది. నిండా చీరలు, పుస్తకాలు.

"ఉండనీ, తర్వాత పట్టుకెళ్తాను" అంది.

వానలు మొదలయ్యాక ఆ బీరువాకు చెదపట్టింది. తనూజ తలుపు తెరిచి చూస్తే చీరలు మడత చెదరకుండా ఉన్నాయి. వేలు పెడితే మట్టి రాలింది. ఇల్లంతా పాకుతుందేమోనని, చెదల మందు కొట్టే గంగరాజును పిలిచింది. అతను గోడల వెంబడి వరసగా కన్నాలు వేసి, మందు ఎక్కించి, తెల్ల సిమెంటుతో పూడ్చుకుంటూ వచ్చాడు. వెనకగది గుమ్మం దగ్గర ఆగిపోయాడు.

"ఈ గది వద్దమ్మా."

"చెద ఉన్నదే అక్కడ కదండీ?"

"పాత మేడమ్ గారు ఎప్పుడు పిలిచినా ఈ గది వదిలెయ్యమనేవారు. ఏడాదికోసారి ఆ బీరువా మళ్ళీ నింపేవారు. ఎందుకని నేనడగలేదు."

తనూజ నవ్వేసింది. వాన తెరిపిచ్చిన పూట చూసి బీరువాను పెరట్లోకి మోయించి, కిరసనాయిలు పోసి తగలబెట్టించింది. ఆ గదికీ మందు ఎక్కించింది. గంగరాజు పని ముగించి, చెప్పులు చేత్తో పట్టుకునే వీధిలోకి వెళ్ళిపోయాడు.

మర్నాడు ఇల్లు నిశ్శబ్దంగా ఉంది. ఆ మర్నాడు మధ్యాహ్నం ముసురు పట్టి, కరెంటు పోయి, హాలు సాయంత్రంలా మసకబారింది. అప్పుడు వినిపించింది. వెనకగది గోడ లోపల... ఎవరో అప్పడాన్ని పళ్ళ చివర్లతో, మెల్లగా కొరుకుతున్నట్టు. మందు వాసనను మించి తడిమట్టి వాసన.

తనూజ గోడకు చెవి ఆనించింది. చప్పుడు ఆగింది.

చెవి తీసింది. మొదలైంది.

శనివారానికి అది వెనకగదిలో లేదు. హాలు గోడలోకి వచ్చింది. సాయంత్రానికి హాలు దాటి, రమణమ్మ మంచం ఆనుకున్న గోడలోకి వచ్చింది.

భార్గవి ఫోను ఎత్తలేదు. ఆదివారం పొద్దున్నే తల్లికి ఇడ్లీ పెట్టి, పక్కింటావిడకు ఓ మాట చెప్పి, తనూజ బందరు బస్సెక్కింది.

మూడో అంతస్తు. భార్గవి గ్రిల్ తియ్యలేదు. ఆమె వెనక హాల్లో చెక్క అన్నది కనిపించలేదు. ఇనప కుర్చీలు, రాతి అరలు. గోడకు కాలెండరు కూడా లేదు.

"బీరువా తగలబెట్టాను" అంది తనూజ.

భార్గవి గ్రిల్ ఊచ పట్టుకుంది. "ఎప్పుడు?"

"బుధవారం. ఏముంది భార్గవీ ఆ ఇంట్లో?"

"మా అత్తగారు నాకూ చెప్పలేదు. ఏదో ఒకటి పెడుతూ ఉండమన్నారు, అంతే. పెడితే ఊరుకుంటుంది."

"మరి నాకెందుకు చెప్పలేదు?"

"చెబితే కొనేదానివా?" భార్గవి గొంతు తగ్గించింది. "ఆ ఇంట్లో ఎవరో ఒకరు ఉండాలి తనూ. ఖాళీగా వదిలేస్తే వెంట వస్తుంది. నువ్వైతే... నేనేం చెప్పినా నమ్ముతావని..."

పదకొండేళ్ళు. తనూజకు ఏడుపు రాలేదు. తనకు పెళ్ళి కాలేదనీ, వెనకాల అడిగే మనిషి లేదనీ తెలిసి, తననే ఏరుకుంది. ఆ టిఫిన్ బాక్సు ఎదురుగా కూర్చునే ఏరుకుంది.

"మీ అమ్మగారేరీ?" అంది భార్గవి ఉన్నట్టుండి.

"ఇంట్లో."

"ఒక్కరేనా?"

తనూజ బదులు చెప్పేలోపే లోపలి ఇనప తలుపు పడింది. గొళ్ళెం పెట్టిన చప్పుడైంది.

మెట్లమీదే నిలబడి ఇంటికి ఫోను చేసింది. చాలాసేపు మోగాక రమణమ్మ ఎత్తింది.

"అమ్మా, పక్కింటివాళ్ళను కేకెయ్యి. నిన్ను బయటికి తీసుకెళ్ళమను. ఇప్పుడే..."

"మెల్లగా మాట్లాడవే" అంది రమణమ్మ గుసగుసగా. "ఆవిడ ఇప్పుడే కునుకు తీసింది."

"ఎవరమ్మా?"

"ఎవరో పెద్దావిడ. నాలుగు రోజులై ఏమీ తినలేదట పాపం. ఇప్పుడు కడుపు నిండా తింది."

"ఏం... ఏం పెట్టావమ్మా?"

రమణమ్మ తనలో తనే ఆశ్చర్యపోతున్నట్టు చిన్నగా అంది.

"నొప్పేమీ లేదే తనూ. కాళ్ళు... ఎంత తేలిగ్గా ఉన్నాయో."