కుట్టు దుకాణం సందులో ఆడపిల్ల గొంతు

ఆ కుట్టు దుకాణం సందు పేరెత్తితే చాలు, మీసాలు మెలేసే మగవాళ్ళు కూడా చుట్టు తిరిగి పెద్ద రోడ్డు మీదుగా ఇల్లు చేరతారు. పగలు బాగానే ఉంటుంది. శుక్రవారం రాత్రి పదకొండయిందా… దించేసిన షట్టరు జానెడు పైకి లేచి ఉంటుంది. దాని కింద నీలం వెలుగు. లోపల ఓ ఆడపిల్ల గొంతు. అది ఏ భాషో ఎవరికీ అంతుపట్టదు.

దుకాణం నడిపే టైలరమ్మ కూతురు రెండేళ్ళ కిందట జ్వరమొచ్చి పోయింది. పదో తరగతి పిల్ల. ఇంకేముంది, ఆ పిల్లే తిరుగుతోందన్నారు. నేను చూశానంటే నేను చూశానని పోటీ! పేపర్లు వేసే ఆయనకైతే జడలు కూడా కనిపించాయట. పిరికి సన్నాసులు.

ఇది మా అక్క కూతురు చెప్పగా విన్నది. ఉద్యోగం కోసం కొత్తగా వచ్చి మా ఇంట్లో ఉంటోంది. వాళ్ళ ఊళ్ళోనూ మందుల షాపులోనే చేసేది, ఇక్కడా అదే పని, రాత్రి పదిన్నరకి డ్యూటీ దిగుతుంది.

దానికో పిచ్చి ఉంది. బొమ్మల సీరియల్. ‘‘యానిమే అనాలి పిన్నీ’’ అని నన్ను సరిదిద్దుతుంది, ఏదో ఒకటిలే. అందులో ఒక పిల్ల రోజూ రాత్రి బడి మెట్ల మీద నిలబడి ఉంటుంది. ఆ పిల్ల బతికుందా, చచ్చిపోయిందా… అదీ కథ. ఫోన్లో వీళ్ళదో గ్రూపు. బొమ్మని ఆపి ఆపి చూస్తారు, కిటికీలో నీడ ఎటు పడిందని తెల్లారేదాకా కొట్టుకుంటారు. గ్రూపుకో కట్టుబాటు కూడా ఏడ్చింది. కొత్త భాగం అయిపోయాక గంటదాకా దాని గురించి ఎవరూ నోరెత్తకూడదు, చూడనివాళ్ళు ఉంటారని.

గంట నిండగానే మొదట రాసేది ‘సూది’. గ్రూపులో ఆ అమ్మాయి పేరది. మా పిల్ల ఏమో ఆ మెట్ల మీది పిల్ల చచ్చిపోయిందంటుంది, సూది కాదు బతికే ఉందంటుంది. ‘‘ఏంటక్కోయ్, కళ్ళు షాపులో పెట్టి వచ్చావా?’’ అని ఏడిపించేది. ఒకసారి మాటా మాటా పెరిగి, మా పిల్ల ‘‘ఇక నాతో మాట్లాడకు’’ అనేసింది.

అంతే. సూది నెలన్నర కనిపించలేదు.

తిరిగి వచ్చింది గానీ… ‘అక్కోయ్’ పోయింది. ‘మీరు’ వచ్చింది. జోకుల్లేవు. విడిగా మెసేజ్ పెడితే జవాబు లేదు. రాస్తే ఆ బొమ్మల్లో బట్టల గురించే. ‘‘స్కర్టు అంచు విప్పి రెండు వేళ్ళు దించారు, పాత మడత గీత కనబడుతోంది. అంటే పిల్ల ఎదుగుతోంది. చచ్చినవాళ్ళు ఎదగరు.’’ ఆ మాటకి గ్రూపంతా నోరు వెళ్ళబెట్టింది. మా పిల్లకి మాత్రం ఒకటే బెంగ. రెండేళ్ళయినా సూదికి తన మీద కోపం పోలేదని.

మొన్న శుక్రవారం ఆఖరి భాగం. ఆలస్యమైపోతోందని ఇది ఆ సందులో అడ్డంగా పడి వస్తోంది. షట్టరు దగ్గరికొచ్చేసరికి… గొంతు.

కాళ్ళు ఆగిపోయాయి. భయంతో కాదు. ఆ జపాను మాటలు దానికి నోటికొచ్చు. మెట్ల మీది పిల్ల ప్రతి భాగం మొదట్లో అనే మాటలే!

మూసి ఉన్న కుట్టు దుకాణం… స్కర్టు అంచులు… మడత గీతలు…

వంగి పిలిచింది: ‘‘సూదీ…?’’

లోపల గొంతు ఆగిపోయింది. షట్టరు నెమ్మదిగా పైకి లేచింది.

టైలరమ్మ. చేతిలో ఫోను.

‘‘మా అమ్మాయిని ఆ పేరుతో పిలుస్తున్నావ్… నువ్వు మందుల షాపు అక్కవా తల్లీ?’’

మా పిల్లకి అప్పుడర్థమైంది. రెండేళ్ళు. కోపం లేదు, ఏమీ లేదు. ఆ మనిషే లేదు.

‘‘ఆస్పత్రిలో అడిగిందమ్మా. ఆ పిల్ల బతికుందో లేదో చివరిదాకా చూసి చెప్పమని. నేను రాయకపోతే సూది ఏదీ అని అడుగుతారు… ఏం చెప్పను? నాకా భాష రాదు, కింద పడే ఇంగ్లీషూ రాదు. బట్టలొక్కటే తెలుసు.’’ ఫోను చేతికిచ్చింది. ‘‘భాగం ఇంకా చాలా ఉంది. చదివి చెప్పవూ?’’

ఇద్దరూ కుట్టుమిషను పక్కన కూర్చుని చూశారు. ఆఖరి బొమ్మలో మెట్ల మీది పిల్ల తల్లి దీపం దగ్గర కూర్చుని స్కర్టు అంచు విప్పుతోంది.

‘‘చూశావా! దించుతోంది! బతికే ఉంది కదూ?’’

కింద ఇంగ్లీషులో ఉంది — పిల్ల పోయి మూడేళ్ళయినా తల్లి ఏటా అంచు దించుతూనే ఉంది.

మా పిల్ల రెండేళ్ళు వాదించి గెలిచింది. ‘‘బతికే ఉందండీ,’’ అంది. ‘‘మీరే గెలిచారు.’’

ఆవిడ కళ్ళొత్తుకుని, గోడ మేకుకి వేలాడుతున్న కూతురి బడి యూనిఫాం స్కర్టు తీసింది. అంచు మీద రెండు పాత మడత గీతలు. ‘‘ఇంకో రెండు వేళ్ళు దించాలి,’’ అని దారం వెతకసాగింది.

గంట నిండడానికి ఎంతో టైము లేదు. మా పిల్ల, టైలరమ్మకి తెలియకుండా, గ్రూపులో ఒక్కొక్కరికీ విడివిడిగా సంగతి రాసింది. వాళ్ళూ ఒకరికొకరు అందించుకున్నారట. గంట నిండింది. టైలరమ్మ ఫోను టింగుమంది. మళ్ళీ, మళ్ళీ… ‘‘సూది గెలిచింది.’’ ‘‘సూదే కరెక్టు.’’ గీతకీ నీడకీ కొట్టుకుచచ్చే అంతమందీ, ఒక్కరు తప్పకుండా.

ఇది లేచి, షట్టరు పూర్తిగా దించబోయింది.

‘‘వద్దమ్మా,’’ అందావిడ గబుక్కున. ‘‘ఆ జానెడు ఉంచు.’’

‘‘దొంగలు పడతారేమోనండీ…’’

ఆవిడ గొంతు బాగా తగ్గించింది. ‘‘మా అమ్మాయి ఈ సందులో తిరుగుతోందట కదా. పేపరాయనకి జడలు కూడా కనిపించాయట. రెండేళ్ళుగా తీసే పెడుతున్నాను తల్లీ… అందరికీ కనిపిస్తోంది, నాకొక్కదానికే కనిపించట్లేదు.’’