ట్రెస్కాట్ మేడలో గొంతు

హాలీవుడ్‌లో బీచ్‌వుడ్ కొండ మీద ఉండేవాళ్లెవరూ పొద్దు వాలాక ఆ మెట్లదారి జోలికి పోరు. ఎంత ఆలస్యమైనా సరే, చుట్టూ తిరిగి రోడ్డు మీదుగా పోతారు గానీ ట్రెస్కాట్ మేడ గోడ పక్కన మాత్రం నడవరు.

ఆ మేడలో మనుషులు లేరు. బ్యాంకువాళ్లు తాళం వేసి ఏడాది దాటింది. కరెంటు లేదు. కిటికీలకి చెక్కలు కొట్టేశారు.

అయినా... లోపల్నించి గొంతు వినిపిస్తుంది. మగగొంతు.

మొదట్లో కేకలు పెట్టేది — "తెరచాపలు దించండి! ఒక్కడు కూడా ఓడ దిగకూడదు!" అని. కాసేపు ఏమీ ఉండేది కాదు. ఎవరో చెప్పేది వింటున్నట్టు... మళ్లీ అదే కేక. కుక్కని తిప్పడానికి వెళ్లిన ఒకాయన అది విని కుక్కని అక్కడే వదిలేసి ఇంట్లో వచ్చి పడ్డాడట. కుక్కే నయం, తర్వాత నింపాదిగా నడిచొచ్చింది.

ఈమధ్య మాట మారింది. కేకలు లేవు. మెల్లగా, దగ్గరికి పిలుస్తున్నట్టు —

"తలుపు తెరిచే ఉంచాను... లోపలికి రా."

అది విన్నాక ఇంకెవరు పోతారు ఆ దారిన?

"ఆల్డెన్ ట్రెస్కాటే అది, ఇంకెవరు?" అని తేల్చేసింది మిసెస్ బ్రాండ్ట్. ఒంటరి ఆడవాళ్లకి గదులు అద్దెకిచ్చే ఆవిడ. "బతికినన్నాళ్లూ ఆడవాళ్లని పిలుస్తూనే ఉన్నాడు. చచ్చాక బుద్ధి మారుతుందా? వెర్నా, నిన్నే! ఆ మెట్లమీంచి రాకు తల్లీ."

"నన్నెందుకు పిలుస్తాడండీ? బతికున్నప్పుడే నా వంక చూళ్లేదు," అంది వెర్నా కోవాక్.

నవ్వుతూనే అంది. కానీ గదిలోకి పోయి తలుపేసుకున్నాక నవ్వు రాలేదు.

వెర్నా క్లీవ్‌లాండ్ నుంచి సినిమా తార అవుదామని వచ్చిన మనిషి. ఇప్పుడు హాలీవుడ్ బులెవార్డ్ మీద ఒక పెద్ద కొట్లో ఆడవాళ్ల చేతితొడుగులు అమ్ముతోంది. తార అవ్వాలన్న ఆశకి మిగిలిందల్లా ఆల్డెన్ ట్రెస్కాట్ సినిమాలో ఒక్క వేషం. గవర్నరుగారింట్లో దీపం పట్టుకుని నిలబడే పనిమనిషి. పలకడానికి ఒక మాట కూడా ఇచ్చారు. సినిమా విడుదలయ్యేసరికి ఆ మాట కోసేశారు.

అప్పట్లో ఆల్డెన్ ట్రెస్కాట్ అంటే మాటలా! అసలు పేరు ఆల్బీ ట్రస్క్. మోంటానాలో రాగి గనుల కూలీ కొడుకు. గుర్రం మీంచి పడాల్సిన చోట హీరోల బదులు పడి ఒళ్లు హూనం చేసుకునేవాడు. ఒకసారి దుమ్ము దులుపుకుంటూ నవ్విన నవ్వు స్టూడియో పెద్దల కంటపడింది. పేరు మార్చారు. పళ్లు సరిచేయించారు. మాట తీరు నేర్పించారు. ఇక పదేళ్లపాటు ఓడ దొంగ అతనే, కత్తివీరుడు అతనే. ఎవరితో భోజనానికి వెళ్లాలో, ఎవరి చెయ్యి పట్టుకుని ఫొటో దిగాలో కూడా స్టూడియోయే చెప్పేది. కట్టుకున్న ఇద్దరూ విసిగి వెళ్లిపోయారు. ఆ మేడలో రోజూ వందమంది తినేవారు, తాగేవారు. అందరూ వెళ్లిపోయాక అతనొక్కడే మిగిలేవాడు.

తర్వాత యుద్ధం వచ్చింది. నిజం నెత్తురు చూసొచ్చిన జనానికి ఉత్తుత్తి కత్తులు ఎక్కలేదు. వేషాలు చిన్నవయ్యాయి. అది చాలదన్నట్టు... మాటలు మరిచిపోవడం మొదలైంది. ఒకరోజు సెట్టు మీద "మహాప్రభూ..." అని ఆగిపోయాడు. అంతే. అంతమంది ముందు మధ్యాహ్నం దాకా ఆ ఒక్క మాట దగ్గరే నిలబడ్డాడు. సాయంత్రానికి ఆ సంగతి ప్రతి స్టూడియో గేటుకీ చేరింది.

పని పోయింది. మేడ పోయింది. చివరికి మనిషే కనిపించకుండా పోయాడు. మాలిబు దగ్గర సముద్రంలోకి నడిచిపోయాడన్నారు. శవయాత్ర లేదు, ఏడ్చినవాళ్లూ లేరు.

ఇదిలా ఉండగా, అక్టోబరులో ఒకరోజు ఎడారివైపు నుంచి వడగాలి లేచింది. కొండకి అటుపక్క పొదలు అంటుకున్నాయి. రోడ్డు మూసేశారు. కొట్టు కట్టేసి వస్తున్న వెర్నాని బస్సువాడు కొండ కిందే దించేశాడు.

"ఇంక ముందుకి పోదమ్మా. మెట్లెక్కి పో."

చీకటి పడిపోయింది. మెట్లదారిలో దీపం లేదు. వెర్నా చెప్పులు చేత్తో పట్టుకుని, చప్పుడు కాకుండా ఎక్కింది. మేడ గోడ వచ్చింది. ఊపిరి బిగబట్టింది. ఇంకో పది అడుగులు వేస్తే దాటేస్తుంది...

"తలుపు తెరిచే ఉంచాను."

కాళ్లు అక్కడే అతుక్కుపోయాయి.

"నువ్వొస్తావని కాదు... అలవాటు. లోపలికి రా. నీ... నీ..."

గొంతు ఆగింది.

"నీ..." మళ్లీ ఆగింది. "నీ..."

వెర్నా పరిగెత్తలేదు. ఆ తడబాటు దెయ్యానిది కాదు. దెయ్యానికి మాట ఎందుకు మరుపొస్తుంది? లోపల ఎవడో మనిషి ఉన్నాడు. గుక్క తిప్పుకోలేకుండా ఉన్నాడు.

వెనక వంటింటి తలుపు నెట్టింది. నిజంగానే తెరిచి ఉంది.

పెద్ద హాలు. సామానేమీ లేదు. పై అంతస్తుకి ఎక్కే మెట్లు చీకట్లో మునిగి ఉన్నాయి. నేల మీద సాసర్లో కొవ్వొత్తి. దాని పక్కన చెక్కపెట్టె మీద, పాత ఓవర్‌కోటులో ఒక ముసలాయన. బుగ్గలు పీక్కుపోయాయి. కానీ ఆ తల ఎత్తడం... అది ఆల్డెన్ ట్రెస్కాట్‌దే.

అతను ఉలిక్కిపడలేదు.

"మిస్టర్ ట్రెస్కాట్..." అంది వెర్నా. "మీరు పోయారని అందరూ..."

"నాకూ అప్పుడప్పుడు అలాగే అనిపిస్తుంటుంది," అన్నాడు. "కూచో. కుర్చీలు లేవు, ఏమీ అనుకోకు."

మెల్లగా చెప్పుకొచ్చాడు. ఊళ్లో ఒక గదిలో ఉంటున్నాడు. గోడలు పల్చన. పాత మాటలు మరిచిపోకుండా వల్లెవేసుకుంటుంటే పక్కగదివాడు బూటుతో గోడ బాదుతాడు. అందుకని రాత్రయితే ఇక్కడికి వచ్చేస్తాడు. వంటింటి తాళంచెవి ఒకటి ఇంకా జేబులోనే ఉండిపోయింది.

"ఇక్కడ ఎవరూ తిట్టరు. పారిపోతారు, అంతే."

ఇన్నాళ్లకి ఒక వేషం దొరికింది. టెలివిజన్ నాటకం. ఇల్లు విడిచిపోయిన కూతురు తిరిగొస్తే తలుపు తీసే తండ్రి. ఒకే ఒక్క సన్నివేశం. ఎల్లుండే. ఆడుతుండగానే దేశమంతా చూస్తుంది. మళ్లీ తీయడం ఉండదు.

"ఇందులో ఆగిపోయానంటే..." చేతులు చూసుకున్నాడు. "ఇంకెవరూ పిలవరు. ఎప్పటికీ."

వెర్నా చెప్పులు కింద పెట్టింది. అతని చేతిలో నలిగిపోయిన మాటల కాగితం తీసుకుని, కొవ్వొత్తి దగ్గరికి వంగి కూతురి మాట చదివింది.

"నేనేనని ఎలా తెలిసింది నాన్నా?"

అతను కళ్లు మూసుకున్నాడు. చాలాసేపటికి...

"నీ అడుగుల చప్పుడు. మెట్టు దగ్గర ఒక్క క్షణం ఆగుతావు. ఎప్పుడూ అంతే."

మళ్లీ చేశారు. మళ్లీ. ఆగినచోటల్లా వెర్నా మాట అందించింది. బయట గాలి కిటికీ చెక్కల్ని పీకుతోంది. కొవ్వొత్తి అరిగిపోతోంది. అతను ఒక్క తప్పు కూడా లేకుండా చివరిదాకా వెళ్లినప్పుడు వెర్నాకి తెలిసింది, తన చెంపలు తడిశాయని. ఆల్డెన్ ట్రెస్కాట్‌తో ఒక సన్నివేశం పూర్తిగా చేసింది తను. ఎవరూ చూడలేదు.

నాటకం రోజున వెర్నా కొట్లో సెలవు పెట్టి తోడు వెళ్లింది. కెమెరాల వెనక నిలబడింది. అక్కడ నోరు విప్పడానికి లేదు.

"నేనేనని ఎలా తెలిసింది నాన్నా?" అంది కూతురి వేషం కట్టిన అమ్మాయి.

ఆల్డెన్ ఆగాడు.

దర్శకుడి పెదాలు తెల్లబడ్డాయి. ఆల్డెన్ ఆ అమ్మాయి మొహంలోకి చూస్తూనే ఉన్నాడు... చూస్తూనే...

"నీ అడుగుల చప్పుడు," అన్నాడు.

అయిపోయాక దర్శకుడు వచ్చి వాటేసుకున్నాడు. "ఆ ఆగడం ఉంది చూశారూ... నా గుండె ఆగింది ట్రెస్కాట్! వచ్చే నెల ఇంకోటుంది, ఎక్కడికీ పోకండి!"

న్యూయార్కువాళ్లు రాత్రి చూసేలా ఆడిన ఆట అది. ఇక్కడ ఇంకా ఎండ ఉంది. ఇద్దరూ ఎదురుగా ఉన్న కాఫీ కొట్లో కూచున్నారు. ఆల్డెన్ 'యాపిల్ పై' మిఠాయి ముక్క ఒకటి ఆబగా తింటున్నాడు. పదేళ్లు తగ్గినట్టున్నాడు.

"సిగ్గుగా ఉంది వెర్నా," అన్నాడు. "ఇన్ని నెలల్లో ఒక్కసారి నీ పేరడగలేదు."

"ఇన్ని నెలలేమిటి? మనం కలిసి మూడు రోజులేగా."

"కిందికి దిగింది మొన్నేలే. అంతకుముందంతా హాల్లో పై మెట్ల మీద కూచునేగా మాటలు అందించేదానివి! తెరచాపల మాట ఎన్నిసార్లు చెప్పావో పాపం. ఆ గొంతే లేకపోతే నేను ఎప్పుడో ఆ సముద్రంలోకే..."

వెర్నా చేతిలో కప్పు ఆగిపోయింది. జన్మలో ఆ ఇంట్లోకి తను వెళ్లింది ఒక్కసారే.

"నన్ను... చూశారా?"

"చీకటి కదా, సరిగా కనిపించేదానివి కాదు." అటూ ఇటూ చూసి ముందుకి వంగాడు. గొంతు తగ్గించాడు. "అడగకూడదనుకున్నాను. ఊళ్లో చినుకు పడి నెలలైంది. మరి రోజూ... నీ జుట్టు అలా నీళ్లోడుతూ ఎందుకుండేది?"

ఎండ బల్ల మీద పడుతోంది. అతని మొహంలో భయం లేదు. ఎన్నేళ్ల తర్వాతో, ఒంటరివాణ్ణి కానన్న ధీమా ఉంది.

"తలంటుకుని వచ్చేదాన్ని," అంది వెర్నా.

ఆల్డెన్ హాయిగా నవ్వేశాడు.

"అలా చెప్పు! నేనింకా ఏదేదో అనుకుని భయపడి చచ్చాను."