టవర్ కనిపిస్తోంది, దారే లేదు

"సాయంత్రం ఆరింటికి నీ బావమరిదిని లేపేస్తున్నారు," అన్నాడు చీఫ్ ఫోన్‌లో. "వాడు మన మనిషని విదేశీ ముఠాకి తెలిసిపోయింది. మీటింగని టవర్ పైకి పిలిచారు. పాపం, వాడికింకా తెలీదు."

"ఫోన్ చేసి చెప్పండి సార్!"

"వాడి ఫోన్ వాళ్ల చేతుల్లో ఉంది. నువ్వే బయటికి లాక్కురావాలి. నెమలి వచ్చి దారి చూపిస్తుంది. ముఠాలో ఉంటూ మనకి పనిచేసే డబుల్ ఏజెంట్. ఊరు చాలా మోడర్న్. నీకేం ఇబ్బంది ఉండదు."

ఏజెంట్ డేగ పళ్లు నూరాడు. వీపున బ్యాగు, నెత్తిన టోపీ, మెడలో కెమెరా. ఒంటరిగా ఊళ్లు చూసే టూరిస్టు వేషం. కెమెరా బటన్ నొక్కితే మత్తుసూది దూసుకెళ్తుంది. ఇంత సరంజామా ఉండి పొద్దున్నించి ఒక్క మంచినీళ్ల బాటిల్ కొనలేకపోయాడు. నోటిస్తే తీసుకోరు, యాప్ అంటారు. యాప్‌కి ఓటీపీ కావాలి. ఓటీపీకి లోకల్ నంబరు కావాలి. లోకల్ నంబరు కావాలంటే మళ్లీ యాప్! ఎవరినన్నా అడుగుదామంటే అందరి చెవుల్లోనూ ఇయర్‌ఫోన్లే. టవర్ ఎదురుగానే ఉంది. రోడ్డు దాటుదామంటే ఎక్కడికక్కడ కంచె.

నల్ల డ్రెస్సు, హైహీల్స్, ఎర్రటి పెదాలతో నెమలి వచ్చింది.

"ఇక్కడ వాన ఎప్పుడు పడుతుంది?" అన్నాడు డేగ.

"గొడుగు కొన్న రోజు పడదు." కోడ్ సరిపోయింది. "దగ్గరగా కనిపిస్తుంది గానీ నాలుగు మాల్స్ దాటాలి. నా వెనకే రండి."

వంతెన ఎక్కారు, మాల్‌లో దిగారు. ఎస్కలేటర్, కారిడార్, మళ్లీ ఎస్కలేటర్. "ఇది రెండోది," అంది నెమలి. కాసేపటికి "ఇది మూడోది," అంది. అవే షాపులు, అదే సెంటు వాసన, అదే పాట. ఊరన్నాక కాస్త ఆకాశమన్నా కనపడొద్దూ! డేగకి విసుగుతో తల పగిలిపోతోంది. ఆ విసుగు కింద భయం. "మా తమ్ముణ్ణి ఓ కంట కనిపెట్టండి," అని భార్య అప్పగిస్తే, కనిపెట్టడం సులువని వాణ్ణి తన డిపార్ట్‌మెంట్‌లోనే చేర్పించాడు మహానుభావుడు.

నేల తుడిచే రోబో ఒకటి కాళ్లకి అడ్డం వచ్చింది. దాని నెత్తిన ఎవరో గులాబీరంగు బబుల్‌గమ్ అంటించారు. మొదటి మాల్‌లోనూ ఒక రోబో నెత్తిన ఇలాగే ఉంది. రోబోలన్నీ ఒకేలా ఉంటాయి, నిజమే. బబుల్‌గమ్ కూడానా?

"ఇది మొదటి మాలే," అన్నాడు ఆగిపోయి.

నెమలి నవ్వింది. "టవర్ దీని నెత్తినే ఉంది, టూరిస్టు గారూ. ఇంకో అయిదు నిమిషాలు తిరుగుదాం, ఆరైపోతుంది." లిప్‌స్టిక్ గొట్టం అతని పక్కటెముకలకి ఆనింది. అది లిప్‌స్టిక్ కాదు.

చంకలో పిల్లని పెట్టుకుని ఊరంతా వెతికాడన్నమాట! డేగకి ఒళ్లు మండిపోయింది. పొద్దున్నించి దిగమింగిన కోపమంతా మోచేతిలోకి తెచ్చుకుని, గోడనున్న ఫైర్ అలారం అద్దాన్ని ఒక్క దెబ్బ కొట్టాడు.

సైరన్ గోల పెట్టింది. తలుపులన్నీ వాటంతటవే తెరుచుకున్నాయి. షాపుల్లోంచి జనం వరదలా వచ్చిపడి ఇద్దరినీ విడదీశారు. డేగ వెనక పరిగెత్తబోయిన నెమలిని సెక్యూరిటీ గార్డు పట్టుకుని క్యూలో నిలబెట్టాడు.

"వదులు నన్ను!"

"లైన్ తప్పకూడదు మేడమ్."

ఆ ఊళ్లో లైన్ అంటే లైనే.

తెరుచుకున్న ఒక తలుపు వెనక డేగకి టవర్ మెట్లు కనిపించాయి. వాటి మీంచి జనం దిగుతున్నారు. వాళ్లలో బావమరిది! ప్రాణాలతో ఉన్నాడు. అంతలో వాడి వెనకున్న కోటువాడు చెయ్యి లోపలికి పెట్టి పిస్తోలు సగం పైకి తీశాడు. డేగ కెమెరా ఎత్తాడు. క్లిక్! కోటువాడు మెట్టు మీదే నిద్రలోకి కూలిపోయాడు. టూరిస్టు ఫొటో తీసుకుంటున్నాడని అందరూ పక్కకి తప్పుకుని వెళ్లిపోయారు.

బావమరిది నోరెళ్లబెట్టాడు. "బావా! నువ్వేంటిక్కడ?"

"మీటింగ్ కాదురా, నీ చావుకి ముహూర్తం పెట్టారు. పద!"

"పదంటే... బయటికి ఎటు బావా?"

డేగ నాలుగు వైపులా చూశాడు. నాలుగు వైపులా అవే షాపులు.

"అదే తెలిస్తే మధ్యాహ్నమే వచ్చేవాణ్ణి కదరా!"