పాప చర్మం

ఉదయం పాలు పొంగుతుంటే అత్త వంటింట్లోకి పరుగెత్తింది. తిరిగి వచ్చేసరికి కోడలు పాపకు చొక్కా విప్పుతోంది. బట్టతోపాటే భుజం మీది చర్మమూ ఊడి వచ్చింది. పాప బొంగురు గొంతుతో ఏడ్చింది.

"మళ్లీ వేడినీళ్లు పోశావా?" అంది అత్త.

పాపను ఇంటికి తెచ్చినప్పటినుంచీ అత్తది అదే వరస. నీళ్లు వేడని, గోళ్లు పెరిగాయని, బిడ్డను పట్టుకోవడం చేతకాదని. బస్సు డ్రైవరైన కొడుకు ఇద్దరి మధ్యా తలదూర్చకుండా డ్యూటీకి వెళ్లిపోయేవాడు. ఆ రోజు మాత్రం పాప పరీక్షల ఫలితాలు చెప్పడానికి ఆస్పత్రికి రమ్మన్నారని సెలవు పెట్టాడు. కోడలి తప్పు డాక్టరు నోటితోనే వినాలని అత్త కూడా బయల్దేరింది.

డాక్టరమ్మ నెమ్మదిగా చెప్పింది. చర్మం పై పొరనూ కింది పొరనూ కలిపి ఉంచే ప్రోటీన్ ఒకటి ఉంటుందట. పేరు లామినిన్. మూడు పోగులు పెనవేసుకుని, వాటికి చక్కెర అణువులు అతుక్కుని ఉంటుంది. ఒక కొసతో పైనున్న కణాలనూ, ఇంకో కొసతో కింది పొరనూ పట్టుకుంటుంది. పాప ఒంట్లో ఆ మూడింటిలో ఒక పోగు తయారే కావడం లేదు. గొంతు లోపలా అంతే, అందుకే ఆ బొంగురు. తల్లి వైపు లోపం, తండ్రి వైపు లోపం రెండూ కలిస్తేనే ఇలా పుడతారు. నయం చేసే మందు లేదు. ఏడాది నిండడం కష్టం.

కొడుకు గోడవైపు తిరిగాడు.

"నీళ్ల వల్ల రాదా అమ్మా?" అంది అత్త.

"రాదండీ. ఎవరు ఎంత జాగ్రత్త పడినా ఆగేది కాదు."

"నా మొదటి బిడ్డకీ ఇలాగే ఊడింది. నేనే వేడినీళ్లు పోసి కాల్చి చంపుకున్నానంది మా అత్తగారు. ఇన్నేళ్లూ నిజమేననుకున్నాను" అంది అత్త.

కోడలు తలెత్తి చూసింది. కానీ వెంటనే కరిగిపోలేదు. ఇంటికెళ్లే దారంతా బస్సు కిటికీలోంచి బయటికే చూస్తూ కూర్చుంది.

ఇంటికొచ్చాక అత్త చేతులు కడుక్కుని వచ్చి, "ఎలా ఎత్తుకోవాలో నాకూ చూపించు" అంది. చంకల కింద చేతులు పెట్టకూడదు. మెత్తటి స్పాంజి మీద పడుకోబెట్టి, స్పాంజితో సహా ఎత్తాలి. ఆనాటినుంచి కట్లు ఇద్దరూ కలిసే మార్చారు. ఒక బొబ్బ మానేలోపు ఇంకొకటి లేచేది.

పాప ఆ చలికాలం దాటలేదు.

పలకరించడానికి వచ్చిన కోడలి ఆడపడుచు, పాప తల్లి ఇంకాస్త కనిపెట్టుకుని ఉండాల్సిందేమోనని నసిగింది.

"దాని తప్పేం లేదే" అంది అత్త. కోడలి పక్కన కూర్చుని, "నాదీ లేదు" అంది.

ఆ మాట అంటూనే కోడలి ఒళ్లో తల పెట్టుకుని, ఎప్పుడో పోయిన బిడ్డ కోసం మొదటిసారి బయటికి ఏడ్చింది. కోడలు ఆమె తల నిమురుతూ ఉండిపోయింది.