మందు మోసిన ప్రాణం

తెల్లవారకముందే లేచి మామిడి తోటకు బయల్దేరబోయిన పున్నయ్య, చెప్పులు వేసుకుంటూ అరుగు మీదే కూలబడ్డాడు. భార్య నాగేంద్రమ్మ నుదుటి మీద చెయ్యి వేస్తే కాలిపోతోంది. పాదానికి ముల్లు దిగిన చోట చీము పట్టింది. దానికో గుడ్డ చుట్టి, పంచె కిందకి లాగి దాచుకుంటున్నాడు.

“ఇవాళైనా అబ్బాయికి చెప్తానండీ.”

“చెప్తే వాడు కోత ఆపేస్తాడే. రసాలన్నీ చెట్టు మీదే పండిపోతాయి. సాయంత్రం నేనే చెప్తాలే.”

ఆమె ఎప్పటిలాగే ఊరుకుంది. మధ్యాహ్నానికి పున్నయ్య మాట తడబడింది, మనుషుల్ని గుర్తుపట్టలేకపోయాడు. తోటలోంచి పరుగున వచ్చిన కొడుకు అభిరామ్ తండ్రిని కారులో పడుకోబెట్టుకుని విజయవాడ ఆసుపత్రికి తీసుకెళ్లాడు.

“పుండు విషం రక్తంలో కలిసింది. బీపీ బాగా పడిపోయింది,” అన్నాడు డాక్టర్ రాజీవ్. “రక్తనాళాల్ని బిగించే మందు ఒకటి, గుండెకు బలాన్నిచ్చేది ఒకటి ఎక్కిస్తున్నాం. అవి బీపీని పట్టి ఉంచుతాయి. ఈలోగా జబ్బుకిచ్చే మందులు పనిచేయాలి.”

మర్నాడు అభిరామ్ మొహంలో కాస్త వెలుగు కనిపించింది. “బీపీ నూట పదికి వచ్చిందమ్మా. నాన్న కోలుకుంటున్నాడు.”

నాగేంద్రమ్మ మాత్రం మంచం దగ్గరే నిలబడిపోయింది. దుప్పటి బయటున్న భర్త వేళ్ల కొసలు నల్లబడి ఉన్నాయి. పట్టుకుంటే చల్లగా తగిలాయి.

“ఆ బీపీ ఆయనదా బాబూ, మందుదా?” అని అడిగింది డాక్టర్‌ని.

అతను ఉన్నదున్నట్టు చెప్పాడు. “మందుదేనమ్మా. గంటగంటకీ పెంచితేగానీ నిలబడటం లేదు. కిడ్నీలు ఆగిపోయాయి. ఇంకా పెంచితే చేతులకీ కాళ్లకీ అందే ఆ కాస్త రక్తం కూడా తగ్గిపోతుంది.”

“పెంచండి సార్,” అన్నాడు అభిరామ్.

“వద్దు బాబూ,” అంది నాగేంద్రమ్మ.

బయటికి రాగానే అభిరామ్ గొంతు లేచింది. “జ్వరం వస్తోందని ఒక్క మాట చెప్పుంటే నాన్న ఇక్కడిదాకా వచ్చేవాడా? అప్పుడు నోరు విప్పలేదు. ఇప్పుడు వదిలేద్దామంటావా?”

వరండాలో కూర్చున్నవాళ్లు తల తిప్పి చూశారు. ఆమె గోడకు ఆనుకుంది.

“చెప్పలేదు నాన్నా. ఆయన వద్దన్నారని ఊరుకున్నాను. ఆ పాపం నేను పోయేదాకా నన్ను వదలదు. కానీ ఇప్పుడు ఆయన వద్దని చెప్పలేరు. అందుకే ఆయన బదులు నేను చెప్తున్నాను.”

అభిరామ్ విసురుగా డాక్టర్ గదిలోకి వెళ్లాడు. “మీ నాన్నగారే అయితే మీరేం చేస్తారు సార్?”

“పెంచను. నొప్పి తెలియకుండా చూసి, పక్కన కూర్చుంటాను,” అన్నాడు రాజీవ్ మెల్లగా.

అభిరామ్ సరేనన్నాక మందు ఇంక పెంచలేదు. తల్లీకొడుకులు మంచానికి చెరోవైపు కూర్చున్నారు. మానిటర్ తెర మీద బీపీ అంకె కొద్దికొద్దిగా దిగుతోంది. అభిరామ్ చూపు దాన్ని వదలడం లేదు. నాగేంద్రమ్మ చెయ్యి చాచి, కొడుకు గడ్డం పట్టుకుని తండ్రి వైపు తిప్పింది.

“అటు కాదు. ఇటు చూడు.”

అతను తండ్రి చెంపకు చెంప ఆనించి, “నాన్నా, కోత అయిపోయింది,” అని చెవిలో చెప్పాడు. ఆ మాట పున్నయ్యకు వినబడిందో లేదో తెలియదు. ఎండ వాలుతుండగా ఆయన ఊపిరి ఆగిపోయింది.

అంబులెన్సు ఇంటివైపు, నూజివీడు దారి పట్టాక, అభిరామ్ తల వంచుకుని అన్నాడు. “ఇందాక నిన్ను అనకూడని మాట అన్నానమ్మా.”

“లేని మాటేం అనలేదుగా.”

“సగమే అన్నాను. మొన్న నాన్న కుంటుతూ నడవడం నేనూ చూశాను. ఏంటని అడిగితే చెప్పు కరిచిందన్నాడు. సరేలే అని లారీ దగ్గరికి వెళ్లిపోయాను.”

నాగేంద్రమ్మ కొడుకు తలని ఒళ్లోకి లాక్కుంది. అప్పటిదాకా ఆసుపత్రిలో ఎవరి ముందూ కన్నీరు పెట్టని మనిషి, ఒక్కసారిగా బావురుమంది. అభిరామ్ ఆమెను ఓదార్చబోయి, ఓదార్చలేక, తనూ ఏడ్చాడు.