కొయ్య కింద జుట్టుపాయ

కొండ మీద మంచు కరిగి వాగు మూతిలో నీళ్ళు బురదరంగుకు తిరిగాయంటే కొమినాతో అనే రేవు ఊళ్ళో ఎవరికీ తీరిక ఉండదు. చలికాలమంతా గడ్డి చాపలు కప్పుకుని ఒడ్డున పడుకున్న ఓడల్ని లేపాలి. అడుగున ఎండుగడ్డి మంట వేసి, పొగబెట్టి, చెక్కను తొలిచే పురుగుల్ని చంపాలి. పగుళ్ళలో నార కూరాలి. మగవాళ్ళు ఆ పనిలో ఉంటే ఆడవాళ్ళు ఇసకలో కూర్చుని తెరచాపలు కుడతారు. ఆ గుడ్డ ఎంత మందమంటే సూది దిగేసరికి అరచెయ్యి బొబ్బలెక్కుతుంది. చేతులకి ఎంత పనున్నా నోటికి మాత్రం ఉండదు కాబట్టి ఊళ్ళో అందరి గుట్టూ అక్కడే రట్టవుతుంది.

ఆ వసంతంలో ఆ నోళ్ళకి దొరికింది ఒమసా. హోరై మారు అనే ఓడకి యజమాని అయిన జింబెకి ఆమె రెండో పెళ్ళాం. పొరుగూరి నుంచి కాపురానికొచ్చి ఇంకా ఏడాది తిరగలేదు. అందగత్తె, ఆ సంగతి ఆమెకీ బాగా తెలుసు. అన్నిటికన్నా జుట్టంటే మరీ మురిపెం. ఒసాకా నుంచి తెప్పించుకున్న లవంగాల నూనె రాసి కొప్పు పెట్టుకుంటే, ఆమె వీధి మలుపు తిరగకముందే వాసన వచ్చేది. ఊళ్ళో ఇంకెవరికీ ఆ నూనె లేదు, ఆ టెక్కూ లేదు.

"జుట్టు బాగుందమ్మా," అంది సుగి ముసలమ్మ, సూదిలో దారం ఎక్కిస్తూ. "ఒత్తుగా, బలంగా ఉంది. జింబె చూసే తెచ్చుకున్నాడు."

పక్కనున్నవాళ్ళు కిసుక్కున నవ్వారు.

"ఏమిటా నవ్వు? నాక్కూడా చెబితే నేనూ నవ్వుతాగా," అంది ఒమసా.

"నీకు చెప్పనే లేదూ? అయ్యో తల్లీ! ఓడకి కొత్త తెరచాప కొయ్య నిలబెడుతున్నారుగా. దాని కింద గుంటలో యజమాని పెళ్ళాం జుట్టుపాయ పెడతారు. అప్పుడుగానీ ఓడకి ప్రాణం రాదు."

"ఆ మాత్రం మా ఊళ్ళోనూ పెడతారు. అయితే ఏమిటంట?"

"ఏమీ లేదు. ఆ ప్రాణం ఎక్కడినుంచి వస్తుందో తోకిని అడగాల్సింది, పాపం."

తోకి జింబె మొదటి పెళ్ళాం. సుగి గొంతు తగ్గించింది.

"ఓడ గాలివానలో పడ్డప్పుడల్లా తోకి ఇక్కడ జ్వరంతో మూలిగేది. చివరిసారి ఓడ తిరగబడబోతే నడిసముద్రంలో తెరచాప కొయ్యని నరికేశారు. ఓడ బతికింది. అదే పూట తోకి వంటింట్లో పులుసు వడ్డిస్తూ కెవ్వుమని కూలిపోయింది. నోట్లోంచి ఉప్పునీళ్ళు వచ్చాయి. ఒళ్ళు కడిగింది నేనే కదా, నాకు తెలియదా?" ముసలమ్మ దారం కొరికింది. "కొయ్య కావాలంటే అడవికి పోవాలి, జుట్టు కావాలంటే పెళ్ళి చేసుకోవాలి. జింబె ముందు కొయ్య కొట్టించాడు, తర్వాత నిన్నడగడానికి మీ ఊరొచ్చాడు."

ఒమసాకి నవ్వు రాలేదు. ఆ తర్వాత ఆమె వేసిన కుట్లన్నీ వంకరపోతే సుగి విప్పి మళ్ళీ కుట్టింది.

ఆ సాయంత్రం జింబె అన్నం ముందు కూర్చుని, తవుడులో ఊరేసిన చేపని కుంపటి మీద కాల్చుకుంటూ, తెల్లకాగితంలో చుట్టిన కత్తెరని ఆమె వైపు తోశాడు.

"రేపటికల్లా పాయ కత్తిరించి గొన్‌రొకు మేస్త్రీకి ఇచ్చెయ్. ఎల్లుండి కొయ్య నిలబెడుతున్నాం."

"ఏవండీ... తోకి అక్క ఎలా పోయింది?"

"జ్వరం."

"నేనివ్వనంటే?"

జింబె చేపని తిరగేశాడు. రెండోవైపు కూడా బాగా కాలిందో లేదో చూసుకున్నాడు. "ఇవ్వకపోతే నిన్ను తెచ్చుకోవడం దేనికే?" అన్నాడు. కోపంగా కూడా అనలేదు. కోప్పడినా ఆమె అంత భయపడేది కాదు.

రాత్రంతా ఒమసా కన్ను మూయలేదు. తనకి చావాలని లేదు. ఇరవై మూడేళ్ళకే ఎవరికుంటుంది? అందులో తప్పేమీ లేదు. తెల్లారేసరికి ఆమెకి తట్టిన ఉపాయంలో మాత్రం తప్పుంది. ఇంట్లో ఇంకో ఆడపిల్ల ఉంది కదా! తోకి కూతురు కినూ. పదిహేనేళ్ళది. నోట్లో నాలుక లేని పిల్ల, 'పిన్నీ' అని పిలిచి తల దించుకుని పోయేది. తల్లి పోసిన ప్రాణమే ఈ ఓడ, మిగిలింది కూతురు పోస్తుంది, ఇంటి ఓడ ఇంట్లోనే ఉంటుంది అనుకుంది ఒమసా. చెరపకురా చెడేవు అని పెద్దలు ఊరికే అనలేదు గానీ, ఆ మాట చెడేదాకా ఎవరి చెవికెక్కుతుంది?

మర్నాడు కినూ జలుబు చేసి, జ్వరంతో లోపలి గదిలో పడుకుంది. గాలి కొడుతోందని తలుపులన్నీ మూశారు. పట్టపగలే గది చీకటిగా ఉంది. కుంపట్లో బొగ్గు వాసన, మందు కషాయం వాసన. పిల్ల గోడవైపు తిరిగి నిద్రపోతోంది. కొప్పు దిండు మీంచి ఒక పక్కకి జారింది.

ఒమసా మోకాళ్ళ మీద కూర్చుంది. వేలితో కొప్పు కిందినుంచి ఒక పాయ తీసింది. చల్లగా తగిలింది. జ్వరంతో కాలిపోతున్న పిల్ల జుట్టు అంత చల్లగా ఎందుకుందో ఆలోచించడానికి అది సమయం కాదు. కత్తెర కరకరమంది. పిల్ల కదల్లేదు. ఒమసా మెడ వెనక మాత్రం ఎవరో ఊదినట్టు చల్లగాలి తగిలింది. వెనక్కి తిరిగి చూస్తే తలుపు వేసే ఉంది.

పాయని ఎర్రదారంతో కట్టి, కాగితంలో మడిచి మేస్త్రీకి ఇచ్చింది. గొన్‌రొకు దాన్ని అరచేతిలో తూచినట్టు పట్టుకున్నాడు.

"అమ్మగారూ, ఇది మీదేనా?"

"నాది కాక నీ పెళ్ళానిదా?"

"నా పెళ్ళానికి జుట్టెక్కడిదమ్మా, అంతా నోరే." ముసలాయన నవ్వాడు, వెంటనే ఆపేశాడు. "తప్పుగా అనుకోకండి. అడగడం నా వంతు. బతికున్నవాళ్ళది పెడితే ఓడ వాళ్ళ ప్రాణంతో నడుస్తుంది. పోయినవాళ్ళది పెడితే పోయినవాళ్ళే వచ్చి కూర్చుంటారు. ఒంటరిగా కూర్చోరు, తోడు లాక్కుంటారు. ఇంకోమాట, కొయ్య నిలబడ్డాక ఓడలోకి రాకండి. లోపలున్నదీ ఆడదే. ఇంకో ఆడది ఒంటరిగా వస్తే ఓర్వదు."

ఆ రాత్రి గొన్‌రొకు ఒక్కడే లోపలికి దిగి, కొయ్య దిమ్మెలో చెక్కిన గుంటలో జుట్టుపాయ, రెండు పాచికలు, కాగితం బొమ్మల జంట, గుప్పెడు గింజలు పెట్టి చెక్క బిరడా బిగించాడు. పొద్దున్నే ఊరంతా మోకులు పట్టి లాగితే కొయ్య నిలబడింది. మగవాళ్ళు సారా పంచుకున్నారు. ఒమసాకి చాలారోజుల తర్వాత ఆకలేసింది. రెండు గిన్నెల అన్నం తింది.

తిని లోపలి గదిలోకి వెళ్ళేసరికి కినూ అద్దం ముందు కూర్చుని ఉంది. జ్వరం తగ్గిందట. కొప్పు విప్పింది. విప్పగానే ఆమె జుట్టు భుజాల దాకే ఉంది, ఎలకతోకంత సన్నం. మిగిలిన ఒత్తయిన నల్లటి జుట్టంతా ఒళ్ళో విడిగా పడి ఉంది.

"అదేమిటే?" అంది ఒమసా.

"సవరం, పిన్నీ." పిల్ల సిగ్గుపడింది. "నాది పలచన కదా, లోపల పెట్టుకుంటాను. అమ్మ జుట్టు. తల దువ్వినప్పుడల్లా రాలినవి పోగుచేసి అల్లాం. రోజూ పెట్టుకుంటాను. నాన్నకి చెప్పకండి."

ఒమసాకి అర్థమైంది. తాను కత్తిరించింది బతికున్న పిల్ల జుట్టు కాదు. చచ్చిపోయిన సవతి జుట్టు. దాన్ని తన చేత్తోనే మేస్త్రీకిచ్చి కొయ్య కింద పెట్టించింది. తోడు లాక్కుంటారన్నాడు మేస్త్రీ. ఎవరిని లాక్కుంటుంది తోకి? కన్నకూతుర్నయితే కాదు కదా!

ఎవరితో చెప్పుకుంటుంది? చెప్పాలంటే పిల్ల తల దగ్గర కత్తెరతో ఏం చేస్తున్నావని అడుగుతారు. తేలు కుట్టిన దొంగలా నోరు మూసుకుని సాయంత్రం దాకా ఇల్లంతా తిరిగింది. తెల్లారి పోటుకి ఓడ నీళ్ళలోకి దిగుతుంది. ఈలోపే ఆ పాయ బయటికి తీసెయ్యాలి.

చీకటి పడుతుండగా మగవాళ్ళంతా కొండ మీది గుడికి మొక్కు తీర్చడానికి వెళ్ళారు. సముద్రం మీద పొగమంచు లేచింది. ఒమసా కాగితం లాంతరు పట్టుకుని నిచ్చెనెక్కి, ఓడ కడుపులోకి దిగింది.

లోపల పొగ వాసన. చేపనూనె వాసన. చెక్కలు చలికి ముడుచుకుని ఎక్కడో టక్కుమంటున్నాయి. కాళ్ళ కింద ఇంకా తడి ఉంది. కొత్త కొయ్య తెల్లగా, నున్నగా, పైనుంచి దిగి దిమ్మెలో నాటుకుని ఉంది. దాని చుట్టూ మాత్రం నిశ్శబ్దం.

మోకాళ్ళ మీద కూర్చుని బిరడా వెతికింది. గోళ్ళతో లాగింది. కదల్లేదు. జడసూదితో చుట్టూ తవ్వింది.

చిర్... చిర్...

కీచురాయి అనుకుంది. ఈ చలిలో కీచురాళ్ళు ఎక్కడివి?

చిర్... చిర్... చిర్...

చప్పుడు గుంటలోంచి వస్తోంది. బిరడా ఊడి ఆమె ఒళ్ళో పడింది. చప్పుడు ఆగింది.

లోపల చెయ్యి పెట్టింది. పాచికలు. గింజలు. కాగితం బొమ్మలు... ఆ వెనక జుట్టు. ఈసారి చల్లగా లేదు. వెచ్చగా ఉంది, అప్పుడే తలమీద నుంచి తీసినట్టు. బయటికి లాగబోయింది. వాసన వచ్చింది.

లవంగాల నూనె.

ఒమసా చెయ్యి ఆగిపోయింది. ఊళ్ళో ఇంకెవరికీ లేని నూనె. ఇంకోసారి లాగింది. మెడ వెనక కుదుళ్ళు పీకినట్టు చురుక్కుమంది. మళ్ళీ లాగింది. మళ్ళీ చురుక్కు. రెండో చెయ్యి వెనక్కి పోనిచ్చి కొప్పు కింద తడిమింది. అక్కడ జుట్టు లేదు. కత్తెరతో మొదలంటా తెగ్గోసినట్టు మోళ్ళు మోళ్ళుగా తగిలింది.

కత్తిరించింది పిల్ల తలలోంచి. తన కళ్ళతో చూసి కత్తిరించింది... తెగింది తన తలలో.

చెవి పక్కనే, చాలా దగ్గరగా, తడిసిన ఊపిరి.

"లాగకు చెల్లీ... నాకూ ఇలాగే నొప్పేసేది."

లాంతరు కిందపడి ఆరిపోయింది. ఒమసా అరిచిందో లేదో ఆమెకే తెలియదు. పైన అడుగుల చప్పుడైంది. వెలుగు దిగింది. జింబె. ఒక చేతిలో దీపం, ఇంకో చేతిలో సారా చెంబు. గుడి నుంచి ముందే వచ్చేసినట్టున్నాడు. గుంట దగ్గర కూలబడ్డ పెళ్ళాన్ని చూశాడు, తెరిచి ఉన్న బిరడాని చూశాడు.

"తీసేయండి... మీ కాళ్ళు పట్టుకుంటాను. అది నాది. నేనివ్వలేదు, అయినా నాదే."

జింబె వంగి వాసన చూశాడు. "నీదే," అన్నాడు తృప్తిగా. "ఇంకొకరిది పెట్టించావేమోనని మేస్త్రీ అనుమానపడ్డాడు. నీ మీద ఒట్టు, నేనూ అనుమానపడ్డాను."

"చంపేస్తుందండీ..."

"పన్నెండు మంది కళాసీల పెళ్ళాలు పిల్లలు ఈ ఓడ మీద బతుకుతున్నారు. నీ ఒక్కదానికోసం ముంచమంటావా?" బిరడా తీసి గుంటలో పెట్టాడు. మూలనున్న చెక్క సుత్తి అందుకున్నాడు. కొట్టాడు. ఒక్కో దెబ్బా ఒమసా తలలో పడింది. అయిదో దెబ్బకి ఆమెకి స్పృహ తప్పింది. జింబె చివరి దెబ్బ కూడా కొట్టి, సరిగ్గా బిగిసిందో లేదో బొటనవేలితో నొక్కి చూసుకుని, ఆ తర్వాతే పెళ్ళాన్ని భుజాన వేసుకున్నాడు.

తెల్లారి హోరై మారు సముద్రంలోకి దిగింది. ఇంత తేలిగ్గా నడిచే ఓడని చూడలేదని ఊరంతా మెచ్చుకుంది. మొదటి గాలి తెరచాపలో నిండినప్పుడు ఇంట్లో పక్కమీదున్న ఒమసా వెన్ను విల్లులా వంగింది. అప్పటినుంచి ఆమె లేవలేదు. గాలి ఎక్కువైన రోజు జ్వరం, సముద్రం సద్దుమణిగిన రోజు నీరసం.

కినూ బాగానే చూసుకుంది, ఆ మాట ఒప్పుకోవాలి. వేళకి జావ పోసేది, ఒళ్ళు తుడిచేది. ఒకరోజు అద్దం ముందు కూర్చోబెట్టి తల దువ్వుతుంటే ఒమసా అంది, "నీ సవరం ఒకసారి ఇవ్వవే."

పిల్ల తీసిచ్చింది. ఒమసా కొసలన్నీ వేళ్ళతో తడిమింది. ఎక్కడా తెగలేదు. ఒక్క వెంట్రుక కూడా పొట్టిగా లేదు.

"ఏం వెతుకుతున్నారు పిన్నీ?"

"ఏం లేదు."

కినూ మళ్ళీ దువ్వసాగింది. రాలిన వెంట్రుకల్ని దువ్వెన పళ్ళలోంచి ఒక్కొక్కటే తీసి, వేలికి చుట్టి, చిన్న గుడ్డసంచిలో వేస్తోంది.

"ఎందుకే అవి? పారెయ్."

"పారెయ్యకూడదు పిన్నీ. అమ్మవి కూడా నేనే పోగుచేశాను." పిల్ల గొంతులో ద్వేషమేమీ లేదు, ముచ్చటే ఉంది. "మీవి ఒత్తు కదా, తొందరగానే సరిపోతాయి. వచ్చే ఏటికి ఇంకా పెద్ద కొప్పు పెట్టుకోవచ్చు."

ఒమసా అద్దంలోకి చూసింది. తన వెనక కూర్చున్న కినూ తల దించుకుని, రెండు చేతులతో సంచి మూతికి దారం ముడివేస్తోంది. రెండు చేతులూ ఒళ్ళోనే ఉన్నాయి.

దువ్వెన ఇంకా ఒమసా తలలో కదులుతోంది... మెల్లగా, పైనుంచి కిందికి, చిక్కు తీస్తూ.