సుంకులమ్మ చేతి తీర్పు

గుత్తి పొలిమేరలోని పినాకిని కార్ల కర్మాగారంలో ఆ ఉదయం ఉప్మా అమోఘంగా కుదిరింది. ఎందుకు కుదరదు? నెల్లూరు వంటావిడ ఒకరి పనితనాన్నంతా ఒంటబట్టించుకున్న యంత్రం కలిపింది మరి. ఆరితేరిన మనిషి ఎవరైనా సరే, మూడు నెలలు చేతికి స్పర్శతొడుగు వేసుకుని పనిచేస్తే చాలు, ఆ చేతి విద్య అంతా యంత్రానికి వచ్చేస్తుంది. దాన్నే కరగ్రంథం అంటారు. క్షవరం మొదలుకొని కంటి ఆపరేషన్ దాకా లోకం ఇప్పుడు కరగ్రంథాల మీదే నడుస్తోంది.

సుంకులమ్మకు మాత్రం ముద్ద దిగడం లేదు. ఇరవై ఆరేళ్లు ఆ కర్మాగారంలో నాణ్యత చూసిన మనిషి ఆమె. రంగు వేయకముందు కారు ఒంటిని అరచేత్తో నిమిరి, కంటికి ఆనని సొట్టను కూడా పట్టేసేది. ఆరేళ్ల కిందట ఆమె కరగ్రంథం తీసుకున్నారు. శాలువా కప్పి, సలహాదారు అని పేరు పెట్టి కుర్చీలో కూర్చోబెట్టారు. అప్పటినుంచి ఆమె రేకు ముట్టుకున్నది లేదు.

కంపెనీ మూడేళ్లుగా కుంటుతోంది. "పినాకిని కారా? ఆ మొహమూ ఆ తలుపులూ!" అని జనం నవ్వేవారు. ఆఖరి ఆశగా తయారైన కొత్త కారు 'తుమ్మెద'. ముందు దీపం నుంచి వెనక దీపం దాకా ఒకే ఒక్క గీత, అంతే. పాత కార్లకు తలుపుల మీద అతికించే పట్టీలు కూడా దీనికి లేవు. ఆ రోజు డీలర్లు వచ్చి, దాన్ని పోటీ కంపెనీల కార్ల పక్కన నిలబెట్టి చూడబోతున్నారు. సరితూగితే ఆర్డర్లు. లేదంటే గేటుకు తాళం, పన్నెండు వందల కుటుంబాలు వీధిలోకి.

డీలర్ల పెద్ద చెంగల్రాయుడు కారు చుట్టూ తిరిగి తల పంకించాడు. "అబ్బ! అందంలో వాళ్లను తలదన్నినారు కదప్పా!" అన్నాడు. సుంకులమ్మ గుండె కుదుటపడింది. అంతలో ఆయన ఎడమవైపు వెనక తలుపు దగ్గర వంగాడు. రంగు మీద మెరుస్తున్న ట్యూబులైటు నీడ, పిడి కింద వంకర పోయింది.

"ఇదేంది? గీత ఈడ నలిగిందే!"

వరసగా పదకొండు కార్లు చూశాడు. అన్నిటికీ అక్కడే, అదే సొట్ట.

"గీసినోడు గొప్పోడే, చేసినోళ్లకే చేతగాలా. పదిరోజులు టైమిస్తా. సరిజేసి చూపించండి, లేకుంటే మమ్మల్ని మరిసిపోండి."

ఇంజనీరు తబస్సుమ్ పరుగున వచ్చింది. "అక్కా, యంత్రం పదకొండింటినీ తడిమి చూసింది. మీ కరగ్రంథమే అన్నీ బాగున్నాయనింది. ఎట్లక్కా?"

సుంకులమ్మకు కారణం తెలుసు. దాచి లాభం లేదనిపించింది.

"ఈ తలుపుల రేకు నొక్కేది పాత కార్ల అచ్చే పాపా, అది మొదట్నుంచీ ఆడ రవ్వంత లోపలికే నొక్కుతాది. దాన్ని సుత్తితో సరిచేసేది మద్దిలేటన్న. నాకు తొడుగేసిన మూడు నెల్లూ ఆయన చెయ్యి వణుకుతా ఉండె, పక్షవాతం వచ్చి లేచినాడు. నేను తప్పని రాస్తే ఆ పూటే ఆయన్ను ఇంటికి పంపుతారు. ఎట్లాగూ పైన పట్టీ వస్తాది, ఎవరికి కనబడుతుందిలే అని పోనిచ్చినా."

జాలిపడిన సంగతి ఆమెకు తెలుసు. యంత్రానికి తెలిసిందల్లా అక్కడ సొట్ట ఉండొచ్చనే. మద్దిలేటి వెళ్లిపోయాక వచ్చిన సుత్తియంత్రం కూడా ఆమె చేతి తీర్పు ప్రకారమే నడిచింది కనుక, ఆ చోటు జోలికే పోలేదు. ఒక మనిషి కోసం చేసిన పని ఇంతమంది మెడకు చుట్టుకుందే అని సుంకులమ్మ కుమిలిపోయింది.

"అంతేనా? అయితే మించిపోయిందేం లేదక్కా," తబస్సుమ్ మొహం వెలిగింది. "కరగ్రంథంలో ఒక్క ముక్క కోసి తీయలేం గానీ, ఆ ఒక్క తలుపు వరకూ మీ చేతిని కొత్తగా రాసుకోవచ్చు. పది రోజులు చాలు."

రంగు వేయని తలుపు తెప్పించి, తొడుగు సిద్ధం చేసింది. సుంకులమ్మ చేతులు కడుక్కుని తుడుచుకుంది. ముందు వట్టి చేత్తో చూస్తానంది. కళ్లు మూసుకుని పిడి కింద నిమిరింది. పైనుంచి కిందకు, మళ్లీ కిందనుంచి పైకి. ఎడమచెయ్యి పెట్టి చూసింది. కళ్లు తెరిస్తే, పక్కనున్న రంగు వేసిన కారు మీద అదే చోట సొట్ట కనబడుతూనే ఉంది. అరచేతికి మాత్రం అంతా నున్నగానే తగులుతోంది.

"దొరికిందా అక్కా?"

"లేదు పాపా. నా చెయ్యి మరిసిపోయింది."

తబస్సుమ్ తొడుగు పక్కన పెట్టింది. "పోనీ, మీరు ఇంకెవరికైనా నేర్పించినారా ఈ పని?"

"నేర్పక్కా అని ఇద్దరు ముగ్గురు ఆడపిల్లోళ్లు నా ఎనకాల తిరిగినారు పాపా," అంది సుంకులమ్మ. "యంత్రానికి వచ్చేసినాక మీకెందుకే అని నేనే పంపిచ్చేసినా."